కుదుపు నేర్పిన పాఠం

ఉద్దేశం

యంత్రం లేనిదే దినం గడవని కాలం ఇది. అయినా ఆ యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకొనే ఆసక్తి మనలో తక్కువ. వాహనపు కుదుపులను అణచే షాక్ అబ్జార్బర్లను ఇంటివద్ద మార్చుకొనే పద్ధతిని వివరిస్తూ, చేతిపనిలో క్రమానికీ జాగ్రత్తకూ గల విలువను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు మన పెద్దలు. ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే ఆ సంగీతం ఊరంతా వినేది. మా పాత బొలేరో చేసిన సంగీతాన్ని మాత్రం నేను ఏడాదిపాటు వినీ విననట్లు ఊరుకున్నాను. గతుకు దాటిన తరువాత బండి వెనుకభాగం ఒకసారి ఎగిరి నిలువక, మూడు నాలుగు మార్లు ఊగేది. పాతబడిన బండి గదా అని సరిపెట్టుకొనేవాణ్ణి.

ఒక వర్షాకాలపు సాయంకాలం మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో మలుపు తిరుగుతున్నాము. చిన్న గతుకు తగలగానే వెనుక చక్రాలు ఎగిరి పక్కకు జారాయి. బండి రోడ్డు అంచున, లోయకు రెండడుగుల ఇవతల నిలిచింది. వెనుక సీటులో మా అమ్మాయి నిద్రపోతూనే ఉంది. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

మరునాడు నా పూర్వ విద్యార్థి ఒకడిని పిలిపించాను. ఇంటర్మీడియట్‌లో తెలుగు పేపరు రెండుసార్లు తప్పి, చదువు మాని, మెకానిక్‌గా స్థిరపడినవాడు అతడు. బండి కిందికి వంగి చూచి, "షాక్‌లు పోయాయి మాస్టారూ! ఆయిలంతా బయటికి కారింది. టైర్లు చూడండి, అక్కడక్కడ గుంటలు పడి అరిగాయి" అన్నాడు.

"స్ప్రింగులు బాగానే ఉన్నాయి గదా నాయనా?" అని అడిగాను.

"కమాన్లు బాగానే ఉన్నాయండి. ఊపేవి అవే. ఆ ఊపును ఆపేవాడే లేడు" అన్నాడు.

ఆ మాటలోని శాస్త్రాన్ని తరువాత చదివి గ్రహించాను. చక్రం గతుకు ఎక్కినప్పుడు స్ప్రింగు వంగి ఆ శక్తిని తనలో దాచుకొంటుంది. దాచుకొన్నది తిరిగి ఇచ్చివేయడం దాని స్వభావం. అందువల్ల బండి పైకీ కిందికీ ఊగుతుంది. షాక్ అబ్జార్బరు ఆ శక్తిని తిరిగి ఇవ్వదు. వేడిగా మార్చి గాలిలో కలిపివేస్తుంది. దాని గొట్టంలో నూనె ఉంటుంది. నూనెలో ముషలకం కదులుతుంది. ముషలకానికి గల సన్నని రంధ్రాల గుండా నూనె బలవంతంగా దూరవలసి వచ్చినప్పుడు కదలిక మందగిస్తుంది. తొలినాటి కార్లలో ఘర్షణతో పనిచేసే బిళ్ళలు ఉండేవి. ఫ్రాన్స్ దేశీయుడైన మోరిస్ హుదాయ్ 1908 ప్రాంతంలో నూనెతో పనిచేసే సాధనాన్ని రూపొందించాడు. నూనె కారిపోతే స్ప్రింగును శమింపజేసేది ఏదీ ఉండదు. చక్రం నేలను విడిచి ఎగురుతుంది. నేలను తాకని చక్రానికి బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా ప్రయోజనం లేదు. ముందటి సాయంకాలం నాకు ప్రత్యక్షంగా తెలిసింది ఇదే.

"నేనే మార్చవచ్చునా?" అని అడిగాను.

"వెనుకవి మార్చవచ్చండి, నేను పక్కన ఉంటాను. ముందువాటి జోలికి వద్దు" అన్నాడు. వెనుక కమాను వేరు, షాక్ వేరు. షాక్‌ను విప్పినా కమానుకు ఏమీ కాదు. చాలా వాహనాలలో ముందువైపు చుట్ల స్ప్రింగు షాక్‌ను చుట్టుకొని, బిగబట్టి ఉంటుంది. తగిన పనిముట్టు లేక దానిని విప్పితే స్ప్రింగు తుపాకిగుండువలె ఎగిరి ప్రాణం తీయవచ్చు. ఏది చేయవచ్చునో, ఏది చేయరాదో తెలియడం ఈ పనిలో మొదటి మెట్టు.

మా బండి రకానికి సరిపోయే జత తెచ్చుకొన్నాము. ఒకటే మార్చితే రెండు వైపుల పట్టు సమానంగా ఉండదు గనుక ఒక ఇరుసుకు రెండూ కలిపి మార్చాలి. ముందురోజు రాత్రే తుప్పుపట్టిన నట్లను తీగల బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె చల్లాము.

ఉదయం సిమెంటు నేలపై బండి నిలిపి, గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగాను. జాకీ వేసి వెనుకభాగం ఎత్తి, పానా చేతబట్టి బండి కిందికి దూరబోయాను. అంతలో అతడు నా భుజం పట్టి వెనుకకు లాగాడు.

"ఆగండి మాస్టారూ! జాకీ ఎత్తడానికేనండి, మోయడానికి కాదు."

బొలేరోలో ఇంజను తిప్పేదీ వెనుక చక్రాలనే, హ్యాండ్ బ్రేకు పట్టేదీ వెనుక చక్రాలనే. అవి రెండూ గాలిలోకి లేచాక గేరుగాని, బ్రేకుగాని బండిని నిలుపవు. అతడు బండిని దించి, ముందు చక్రాలకు ఇరువైపులా కర్రదిమ్మలు అడ్డుపెట్టాడు. మళ్ళీ ఎత్తి, ఛాసిస్ కింద రెండువైపులా గట్టి ఇనుప స్టాండ్లు నిలిపి, బరువును వాటిపైకి దించాడు. బండిని చేతులతో ఊపి చూచాడు. "ఇటుకలు పెడతారండి కొందరు. ఇటుక పగిలేటప్పుడు చెప్పి పగలదు" అన్నాడు. అటుపిమ్మట జాకీని ఇరుసు కింద ఆనించాడు. షాక్ తీసినప్పుడు ఇరుసు కిందికి జారి బ్రేకు గొట్టాన్ని లాగకుండా ఉండడానికే ఆ ఏర్పాటు.

కింది నట్టు, ఆపై పైనట్టు విప్పి పాత షాక్ తీశాను. వాషర్లు, రబ్బరు బుష్‌లు వచ్చిన వరుసలోనే గుడ్డమీద పేర్చాను. కొత్తదానిని పాతదాని పక్కన పెట్టి పొడవు, కన్నాల వెడల్పు సరిచూచాము. తరువాత కొత్తదానిని నిలువుగా పట్టి పూర్తిగా సాగదీసి, తలకిందులు చేసి పూర్తిగా నొక్కి, ఇట్లు నాలుగైదు మార్లు చేశాము. లోపల చిక్కిన గాలి ఈ విధంగా తొలగిపోతుంది. పైభాగం ముందు అమర్చి, జాకీతో ఇరుసును కొద్దిగా ఎత్తి కిందిభాగాన్ని అమర్చాను.

ఉత్సాహంతో నట్లను బలంకొద్దీ బిగించాను. అతడు నవ్వి వాటిని సడలించాడు. బండి గాలిలో ఉండగా బిగిస్తే, నేలకు దిగినప్పుడు రబ్బరు మెలిపడి త్వరలోనే చిరిగిపోతుంది. బరువు చక్రాలమీద పడిన తరువాతనే, వాహనపు పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారం చివరి బిగింపు చేయాలి. పాత షాక్‌లను మంటలో వేయరాదనీ, కొన్నింటిలో ఒత్తిడితో నింపిన వాయువు ఉంటుందనీ హెచ్చరించాడు.

పని ముగిశాక బండి వెనుకభాగాన్ని బలంగా నొక్కి వదిలాను. ఒకసారి లేచి నిలిచిపోయింది. కొద్దిదూరం నడిపి వచ్చి నట్లు మరొకమారు పరీక్షించాము.

వెళ్ళబోతూ అతడు, "ఎన్ని మార్కులు వేస్తారు మాస్టారూ?" అన్నాడు.

"ఈ పేపరు రాసింది నేను నాయనా! ఆ జాకీ దగ్గరే తప్పేవాణ్ణి" అన్నాను. ఆ తప్పుకు మళ్ళీ రాసే అవకాశం ఉండదని ఇద్దరికీ తెలుసు.

కఠిన పదాలకు అర్థాలు

కందెన = ఇరుసుకు పూసే జిడ్డు
ఇరుసు = రెండు చక్రాలను కలిపే కడ్డీ
కమాను = ఉక్కు పట్టీలను పేర్చి చేసిన వంపు స్ప్రింగు
ముషలకం = గొట్టంలో ముందుకూ వెనుకకూ కదిలే భాగం, పిస్టన్
శమింపజేయు = అణచు

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి.
1. స్ప్రింగుకూ షాక్ అబ్జార్బరుకూ గల భేదాన్ని వివరించండి.
2. బండి కిందికి దూరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి? ఎందుకు?
3. రచయిత చేసిన రెండు పొరపాట్లను, వాటిని విద్యార్థి సరిదిద్దిన తీరును తెలపండి.

II. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. జాకీ ఎత్తడానికేనండి, మోయడానికి కాదు.
2. ఆ ఊపును ఆపేవాడే లేడు.

III. విడదీసి సంధి పేరు రాయండి.
1. ఊరంతా 2. ప్రత్యక్షం 3. విద్యార్థి

IV. మీ ఇంటిలో లేదా ఊరిలో చేతిపని తెలిసిన ఒకరిని కలిసి, వారు పని మొదలుపెట్టే ముందు తీసుకొనే జాగ్రత్తలను పది వాక్యాలలో రాయండి.