గుసగుసలు తన గురించేనంటున్నాడు

ప్రశ్న: మా తమ్ముడికి 23 ఏళ్లు. హైదరాబాద్‌ అశోక్‌నగర్‌ హాస్టల్‌లో ఉండి గ్రూప్‌-2కు చదువుతున్నాడు. రెండు నెలలుగా నిద్ర లేదు. చిక్కడపల్లి లైబ్రరీలో అందరూ తన గురించే గుసగుసలాడుతున్నారని గోడకు ఆనుకొని కూర్చుంటున్నాడు. పిచ్చి పడుతోందా?
- ఓ అక్క, నల్గొండ

జవాబు: ఆ మాట అతని ముందు అనకండమ్మా. నిద్ర తగ్గితే ఆందోళన, దాంతో అనుమానం, అనుమానంతో మళ్లీ నిద్ర కరవు. ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. ఇది పెద్ద జబ్బుకు తొలి హెచ్చరిక కావచ్చు. అందరికీ ముదరదు. ‘అంతా నీ భ్రమ’ అని వాదించకండి. ‘భయంగా ఉందా నాన్నా?’ అని అడగండి. కొన్నాళ్లు మీ దగ్గరే ఉంచుకోండి. రాత్రి పదింటికి పుస్తకం మూయించండి, సాయంత్రం టీ మాన్పించండి. గంజాయి అలవాటుందేమో తిట్టకుండా కనుక్కోండి. అది అనుమానాన్ని బాగా పెంచుతుంది. ఈ వారమే సైకియాట్రిస్టుకు చూపించండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలకైనా వెళ్లొచ్చు. చనిపోతానన్నా, గొంతులేవో ఆజ్ఞాపిస్తున్నాయన్నా అదే రోజు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్‌ హెల్ప్‌లైన్‌ 14416కు ఏ వేళైనా ఫోన్‌ చేయొచ్చు.