జంపఖానా మీద మరక

ఆత్మకూర్ (ఎస్)లో ఒక ఇంట్లో పేరంటం. పక్కింటి జంపఖానా తెచ్చి పరిచారు. దానికి కాటుక, గోళ్ళరంగు అంటాయి. కోడలు గాబరాపడి నీళ్ళు పోసి తోమబోయింది.

"ఆగు బిడ్డా! రుద్దితే మరక ఇంకా పాకుతది" అన్నది అత్త.

అది నిజమే. మరకను రుద్దకూడదు. గుడ్డతో అద్దాలి. అంచు నుంచి నడుమకు అద్దాలి.

కాటుకలో నూనె ఉంటుంది. ముందు చెంచాతో మెల్లగా గీకాలి. మీద పౌడరు చల్లి గంటసేపు ఉంచాలి. పౌడరు నూనెను పీలుస్తుంది. దులిపి, సబ్బునీళ్ళ గుడ్డతో అద్దాలి. పోకుంటే మళ్ళీ చేయాలి.

గోళ్ళరంగు నీళ్ళకు పోదు. గోళ్ళరంగు తీసే మందును దూదితో అద్దాలి. ముందు ఒక మూలన అద్ది చూడాలి. జంపఖానా రంగు ఊడితే ఆపేయాలి.

జాగ్రత్త! ఆ మందు చప్పున అంటుకుంటుంది. పొయ్యి, దీపం దగ్గర వాడొద్దు. కిటికీ తెరవాలి. పిల్లలకు అందనీయొద్దు.

పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. భయపడొద్దు. మంచినీళ్ళతో కడిగి ఎండలో వేస్తే వెలుస్తుంది.

జంపఖానా నేతన్న చెమట. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాపాడుకుంటే ఏళ్ళ తరబడి మన్నుతాయి.

జవాబులు రాయండి:
1. మరకను ఎందుకు రుద్దకూడదు?
2. కాటుక మీద పౌడరు ఎందుకు చల్లాలి?
3. గోళ్ళరంగు తీసే మందును ఎక్కడ వాడకూడదు?