ప్రాచీనాంగ్ల వీరకావ్యాలలో వికత్థనము – ప్రతిజ్ఞ

ధీరోదాత్తుని గుణాలలో అవికత్థనత్వాన్ని ధనంజయుడు దశరూపకంలో చేర్చినాడు. ఆత్మశ్లాఘాపరుడు ధీరోద్ధతుల పక్షాన పడతాడు. ఈ లక్షణంతో ప్రాచీనాంగ్ల కావ్యమైన 'బేవుల్ఫ్'ను చదువబోయిన మన విద్యార్థికి ఆదిలోనే చిక్కు ఎదురవుతుంది.

3182 పాదాల ఈ కావ్యంలో నాయకుడు డేనుల రాజు హ్రోత్‌గార్ సభలో అడుగుపెట్టగానే తన పూర్వపరాక్రమాన్ని తానే చెప్పుకొంటాడు. ఈతపందెంలో ఓడినావని అన్‌ఫెర్త్ ఎత్తిపొడవగా దీర్ఘంగా బదులుపలికి నోరు మూయిస్తాడు. గ్రెండెల్‌కు ఆయుధవిద్య తెలియదు కనుక తానూ ఖడ్గం పట్టనంటాడు. లక్షణాన్ని అక్షరాలా అన్వయిస్తే ఇతడు ధీరోద్ధతుడే కావలె. అట్లా తేల్చివేయడం తొందరపాటు.

ఇటువంటి పలుకుకు ఆ భాషలో 'బేయొట్' అని పేరు. ప్రతిజ్ఞ, ప్రగల్భము అనే రెండర్థాలూ దానికున్నవి. మధుపాత్ర చేత పట్టి, ప్రభువు వినగా పలికిన మాటకు పలికినవాడు కట్టుబడవలసినదే. కాబట్టి దీనిని వికత్థనం కంటె, ధనంజయుడే ధీరోదాత్తునికి చెప్పిన దృఢవ్రతత్వానికి చేరువగా ఉంచడం న్యాయం.

991లో ఎసెక్స్ తీరాన జరిగిన పోరును వర్ణించే 'మాల్డన్ యుద్ధం' ఈ మాటకు సాక్ష్యం. దానిలో 325 పాదాలే మిగిలినవి. వ్రాతప్రతి 1731 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోగా, ముందే ఎత్తి వ్రాసుకొన్న నకలు వల్ల కావ్యం దక్కింది. అదే మంటలో 'బేవుల్ఫ్' ప్రతి అంచులు మాడి బయటపడింది. చెదలు తిన్న తాటాకులతో వేగిన మనకు ఈ కథ కొత్తది కాదు.

ఇరుకుదారిలో చిక్కుపడిన వైకింగులు కోరగా సేనాని బిర్ట్‌నోత్ వారిని ఇవతలి ఒడ్డుకు దాటనిచ్చినాడు. కవి దీనికి కారణంగా 'ఓఫెర్‌మోడ్' అనే పదం వాడినాడు; అనగా మితిమీరిన మనస్సు. 1953లో వెలువడిన రచనలో టోల్కిన్ దీనిని దోషంగానే గ్రహించినాడు. వీరోచితమైన ఔదార్యమని సమర్థించినవారూ ఉన్నారు గాని, నాకు టోల్కిన్ పక్షమే సమంజసంగా తోస్తుంది. ధీరోదాత్తుడు నిగూఢాహంకారుడు, అంటే అహంకారం లేనివాడు కాదు, దానిని అణచి ఉంచుకొన్నవాడు. ఇక్కడ అది అణగలేదు. దాని మూల్యం అనుచరులు చెల్లించినారు. సేనాని కూలిన తరువాత గోడ్రిక్ అతని గుర్రమెక్కి పారిపోగా, ప్రభువే తరలినాడనుకొని పలువురు చెదరినారు. మిగిలినవారిని ఆల్ఫ్‌విన్ నిలబెట్టినది ధర్మోపదేశంతో కాదు, మధుశాలలో పలికిన ప్రతిజ్ఞలను గుర్తుచేసి. కలిసి ఇల్లు చేరుదుము, లేదా కలిసి కూలుదుమని ప్రభువుకు మాటిచ్చిన ఓఫా అతని చెంతనే పడినాడు.

'బేవుల్ఫ్' చివర కూడ ఇదే ఘట్టం. ఏబదియేండ్లు ఏలిన వృద్ధరాజు మహాసర్పంతో ఒంటరిగానే పోరాడుదునని పట్టుపట్టినాడు. అనుచరులలో పదిమంది అడవిలో దాగగా విగ్లాఫ్ ఒక్కడే, నాటి మధుశాల మాటలు తలచి, అండగా నిలిచినాడు. ఒక్కని సంకల్పానికి పలువురు దుఃఖపడవలసి వచ్చిందని పిదప అతడే అంటాడు.

కావ్యాంతంలో ప్రజలు తమ రాజును మృదుస్వభావునిగా, దయాళువుగా కీర్తించి, చిట్టచివర 'లోఫ్‌గేయొర్నొస్ట్' అన్నారు. కీర్తిని అందరికంటె మిక్కిలిగా కోరినవాడని దాని అర్థం. విలపించేవారి నోటిమాట గనుక 'యశోధనుడు' అని తెనిగించవచ్చు. విగ్లాఫ్ పలుకు విన్న తరువాత నేను 'కీర్తికాముడు' అనే వ్రాసుకొన్నాను.