జాన్ అగస్టస్ పూచీ

తప్పు చేసినవానికి శిక్ష యుండవలసినదే. కాని ప్రతి చిన్న తప్పునకును చెరసాలయే తగిన శిక్ష కాదు. ఈ సత్యమును చేతలతో చూపినవాడు జాన్ అగస్టస్.

ఈయన అమెరికాలోని బోస్టన్ నగరమున పాదరక్షలు తయారుచేయించి జీవించుచుండెను. ఆయన న్యాయవాది కాడు, అధికారియు కాడు. 1841వ సంవత్సరము ఆగస్టు మాసమున నొక ఉదయము ఆయన న్యాయస్థానమున నుండగా, చినిగిన బట్టలతో నున్న యొక త్రాగుబోతును అచ్చటికి తెచ్చిరి. నేరము రుజువయ్యెను, చెరసాల తప్పదని తోచెను. అగస్టస్ వానితో మాటలాడి, బాగుపడవలెనను కోరిక వానియందు మిగిలియున్నదని గ్రహించెను. వానికి తాను పూచీపడి విడిపించెను. వాడు ఇక మద్యము ముట్టనని మాట యిచ్చెను. మూడు వారముల పిదప వాడు మరల వచ్చినపుడు, చూచినవారు ఆ మనుష్యుడే యని నమ్మలేకపోయిరి. న్యాయాధిపతి సంతసించి, ఖర్చులు గాక ఒక్క సెంటు మాత్రమే జరిమానా విధించెను.

అగస్టస్ గ్రుడ్డిజాలితో నెవరికిని పూచీపడలేదు. ముందుగా వారి వయస్సును, పూర్వపు నడవడిని, సహవాసమును విచారించెడివాడు. పిమ్మట వారికి పనియో, చదువో సమకూర్చి, వారి ప్రవర్తనను న్యాయస్థానమునకు తెలుపుచుండెడివాడు. ఖైదీల వలన వచ్చు రుసుము తగ్గుటచే కొందరు ఉద్యోగులు ఆయనను ద్వేషించిరి. ఆయన సొంత వ్యాపారము దెబ్బతినెను. అయినను 1858 నాటికి 1,946 మందికి పూచీపడెను. మరుసటి యేడు మరణించెను. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రము, బోస్టన్ నగరమున ఇట్టి పనికి జీతముపై ఉద్యోగిని నియమించుటకు చట్టము చేసెను.

మన దేశమునను 1958లో నేరస్థుల ప్రొబేషన్ చట్టము వచ్చెను. దాని ననుసరించి న్యాయస్థానము, తగినవారిని మందలించియో, సత్ప్రవర్తనకు పూచీకత్తు వ్రాయించుకొనియో విడువవచ్చును. యావజ్జీవ శిక్షకు గురికాని నేరము చేసిన 21 ఏండ్లలోపు వారిని, కారణము వ్రాయక చెరసాలకు పంపరాదు. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత, సమాజసేవను కూడ శిక్షలలో చేర్చెను. 5,000 రూపాయలకు తక్కువైన వస్తువును మొదటిసారి దొంగిలించినవాడు, వస్తువునో వెలనో తిరిగి యిచ్చినచో, జీతము లేక సమాజమునకు పని చేయవలెను.

కొద్దిదినముల చెరయైనను కూలివాని పనిని పోగొట్టును. ఇంట పొయ్యి వెలుగనీయదు. ఆరితేరిన దొంగల చెలిమిని కల్పించును. సేవయందైతే తప్పు చేసినవాడు దానికి బదులు చెల్లించును, భార్యాబిడ్డలు పస్తులుండరు. ఇది నేరమును మన్నించుట కాదు. మాట తప్పినవానికి చెరసాల యెటులును కలదు. మాట నిలుపుకొనువానికి మాత్రము ఒక త్రోవ తెరచి యుంచవలెను.