రక్తం పట్టే తిండి



పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజ లవణాలు తగినంత ఉన్న తిండిని సమతుల ఆహారం అంటారు. వట్టి అన్నం, చారుతో కడుపు నిండుతుంది గానీ ఇవన్నీ అందవు.

మన వయసు ఆడపిల్లలకు నెలనెలా రక్తం పోతుంది. అందుకని ఇనుము ఎక్కువ కావాలి. 100 మి.లీ. రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. అప్పుడు ప్రార్థనలో కళ్ళు తిరుగుతాయి, ఆయాసం వస్తుంది, పాఠం బుర్రకెక్కదు. అలాంటి పిల్లను బద్ధకస్తురాలు అనకండి. వార్డెన్ గారికి చెప్పి రక్తపరీక్ష చేయించాలి.

ఏం చెయ్యాలి?

1. పప్పులోని ఆకుకూర ఏరి పారెయ్యొద్దు.
2. దానితో నిమ్మకాయో, ఉసిరికాయో, జామకాయో తినాలి. అందులోని సి విటమిన్ వల్ల ఇనుము ఒంటికి పడుతుంది.
3. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు. తాగితే ఇనుము సరిగా పట్టదు.
4. వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర అన్నం తిన్నాక మింగాలి. విరేచనం నల్లగా అయితే భయం లేదు.
5. సెలవులకు ఇంటికెళ్తే చోడి అంబలి వద్దనకండి. 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం 300 మి.గ్రా.కు పైనే, తెల్లబియ్యంలో సుమారు 10 మాత్రమే. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన అమ్మలు ఎప్పటినుంచో వండుతున్నవి అవే.

తిండి బాగుంటేనే చదువు.