మగ పురుగును పిలిచే వాసన

సంతోష్‌నగర్ వీధుల్లో రసం బండిమీద పేర్చిన బత్తాయిలను చూసే ఉంటారు. బత్తాయి తోటలకు నల్గొండ జిల్లా పెట్టింది పేరు. ఆ తోటలకు ఒక చిన్న శత్రువు ఉంది. అదే ఆకును తొలిచే పురుగు.

దీని తల్లి ఒక రెక్కల పురుగు. రెక్కలు చాచినా సెంటీమీటరు ఉండదు. లేత చిగురాకులమీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఆకు పొరకింద దూరి, పాములాగా వంకర టింకరగా వెండిరంగు సొరంగం తవ్వుతుంది. ఆకు ముడుచుకుపోతుంది. ఆ గాయాలగుండా గజ్జి తెగులు కలిగించే బాక్టీరియా కూడా ప్రవేశిస్తుంది. చిన్న మొక్కలకే ఎక్కువ నష్టం.

పురుగు ఆకు లోపల దాగి ఉంటుంది కనుక పైన చల్లిన మందు దానికి సులభంగా అందదు. సొరంగం మనకు కనిపించేసరికి నష్టం జరిగిపోతుంది. మరి తల్లిపురుగుల రాకను ముందే తెలుసుకోవడం ఎలా?

ఆడ పురుగు మగదాన్ని వాసనతో పిలుస్తుంది. ఈ వాసన పదార్థమే ఫెరొమోన్. జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్యూటెనాంట్ దాదాపు 5 లక్షల పట్టుపురుగులనుంచి మొదటి ఫెరొమోన్‌ను వేరుచేసి, 1959లో ప్రకటించాడు. బత్తాయి పురుగు మగవాటిని ఆకర్షించే పదార్థాన్ని 1985లో జపాన్‌లో గుర్తించారు. 2006లో రెండో పదార్థం బయటపడింది. దీనిని మూడు పాళ్లు, మొదటిదాన్ని ఒక పాలు కలిపితే మగ పురుగులు బాగా వస్తాయి. పురుగుల ఫెరొమోన్‌లను ప్రయోగశాలలో తయారుచేసే పరిశోధన మన తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లోనూ జరిగింది.

ఈ పదార్థాన్ని చిన్న రబ్బరు బిళ్లకు పట్టించి, జిగురు పూసిన అట్టమీద ఉంచి చెట్టుకు వేలాడదీస్తారు. ఇదే ఎర. మగ పురుగులు వచ్చి అంటుకుంటాయి. వారానికొకసారి లెక్కపెట్టాలి. వరుసగా 4, 6, 5 వచ్చి, నాలుగో వారం 38 వచ్చాయనుకోండి. ఏం చేయాలి? వెంటనే మందు కొట్టకూడదు. ముందు చెట్లకు లేత చిగుళ్లు ఉన్నాయేమో చూడాలి. ముదురు ఆకులే ఉంటే భయం లేదు. చిగుళ్లుంటే వాటిమీద గుడ్లకోసం, సన్నని సొరంగాలకోసం వెదకాలి. అప్పుడే మందు అవసరమో కాదో తేలుతుంది. అనవసరంగా కొడితే ఖర్చుతోపాటు, ఈ పురుగును తినే చిన్న కందిరీగలు కూడా చస్తాయి.

అందుచేత ఈ ఎర ఆయుధం కాదు, గడియారం. చిక్కేవి మగవి మాత్రమే. గుడ్లు పెట్టే ఆడవి బయటే ఉంటాయి.

ఆలోచించండి: ఎరలో ఒక్క పురుగూ పడకపోతే, తోటలో పురుగు లేదని చెప్పగలమా? బిళ్లలో వాసన అయిపోయి ఉంటే?