ప్రయాణ వేతనము

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గముమీద, నార్కట్‌పల్లికిని నకిరేకల్లునకును నడుమ కట్టంగూరు గ్రామము కలదు. రేయింబవళ్లు ఆ దారిని లారీలును బస్సులును పోవుచుండును. కాని త్రోవ ఇంటి ముంగిటనే యున్నంతమాత్రమున ప్రయాణము సమకూడదు. బండిచార్జీ కావలెను, పోయినచోట తలదాచుకొన తావు కావలెను, తిరిగి వచ్చునంతవరకు ఇంటివారికి జరుగుబాటు కావలెను. ఊరు దాటుటకే ఇన్ని కావలసియుండగా, సముద్రము దాటుటకు ఎన్ని కావలెనో ఊహించుకొనుడు.

విద్యకొరకో, కళకొరకో, ప్రకృతి సంరక్షణము కొరకో అన్యదేశమునకు పోదలచిన యోగ్యునకు దారిఖర్చుల నిమిత్తము ప్రభుత్వముగాని ఏదేని సంస్థగాని ఇచ్చు ద్రవ్యమును ప్రయాణ వేతన మందము. కచేరీలలో దీనినే ట్రావెల్ గ్రాంటు అని వ్యవహరింతురు. ఇది అప్పు కాదు, తీర్పనక్కరలేదు. దానమును కాదు, ఏలయన, పుచ్చుకొన్నవాడు పోయి ఒక పని చేసికొని రావలెను, ఆ పనికి లెక్క చెప్పవలెను.

ఉత్తరము వ్రాసిన చాలదా, పుస్తకము పంపిన చాలదా, మనుష్యుడే పోవలెనా యని మీలో కొందరు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. పాలమూరు సీమలో పండ్రెండు మెట్ల కిన్నెర యను వాద్యము కలదు. వెదురుబొంగునకు సొరబుర్రలు కట్టి, తంతులు బిగించి, దానిని వాయించుచు వీరుల కథలు పాడుదురు. ఆ విద్యను నిలిపిన దర్శనం మొగులయ్యగారికి 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారము నిచ్చినది. కిన్నెరను గూర్చి పది పుటలు వ్రాసి పరదేశమునకు పంపినచో, చదివినవారికి దాని బుర్రలెన్నియో, మెట్లెన్నియో తెలియును. మెట్టుమీద వ్రేలు నిలుచు తీరు తెలియదు. అది వాయించువాని చేతిలోనే యుండును. చేయి పోవలెనన్న మనిషి పోవలెను. 1950లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ స్థాపించిన భారత సాంస్కృతిక సంబంధముల పరిషత్తు నర్తకులను, గాయకులను, వాద్యకారులను విదేశములకు పంపుచు, అచటి కళాకారులను మన దేశమునకు రప్పించుచున్నది.

ఇట్టి పోషణము మన సీమకు అంతకు మునుపును కలదు. పాలమూరునకు మహబూబ్‌నగరమను పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట వచ్చినది. ఆయన కాలమున, 1895లో, హైదరాబాదున పుట్టి పెరిగిన పదునారేండ్ల బాలిక నిజాము ఇచ్చిన వేతనముతో ఇంగ్లండునకు పోయెను. ఆమెయే సరోజినీదేవి. లండనులోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను ఆమె చదివెను. అచట ఎడ్మండ్ గాస్ అను ప్రసిద్ధ విమర్శకునకు తన పద్యములు చూపెను. భాషలో దోషము లేదు. ఛందస్సులో లోపము లేదు. కాని వానిలో కూయు పక్షులు ఇంగ్లండు పక్షులు! గాస్ వానిని మెచ్చక, నీ దేశపు కొండలను, పూలను, జనులను గూర్చి వ్రాయుమని హితవు చెప్పెను. హైదరాబాదులోనే యుండినచో ఆమెకు ఈ మాట చెప్పువాడు దొరకి యుండునా? ఆంగ్ల కవిత్వము నెరిగిన ఆంగ్లేయుడే, మాకు మా వంటిది అక్కరలేదు, నీ యొద్ద నున్నది కావలెనని చెప్పుటవలన అది ఆమె మనసున నాటినది. 1898లో ఆమె తిరిగి వచ్చెను. 1905లో వెలువడిన తొలి కావ్యసంపుటమున పల్లకి మోయు బోయీలు, మగ్గముమీది నేతగాండ్రు, పాములవాడు కనిపింతురు.

ఇక నీటి సంగతి చూతము. నల్లగొండ జిల్లా బావులలో ఫ్లోరైడు అను ద్రవ్యము మితిమీరి యుండుటచే తరతరములవారి పండ్లు గారపట్టినవి, ఎముకలు వంగినవి. కృష్ణాజలము గొట్టములలో రాకమునుపు ఆ బాధ ఎట్టిదో మీ తాతలను అడిగి తెలిసికొనుడు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 1970 తరువాతి దశాబ్దమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు దీనికొక ఉపాయము సిద్ధపరచిరి. నీటిలో సున్నమును పటికయు వేసి కలియబెట్టుదురు. దూదిపింజలవంటి తెట్టె ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పైనీటిని వడగట్టుకొందురు. క్రిములు చచ్చుటకు బ్లీచింగు పొడి కలుపుదురు. ఈ ఉపాయమునకు ప్రపంచమంతట నల్లగొండ పద్ధతి యనియే పేరు.

ఆఫ్రికా ఖండమున తూర్పువైపున ఇథియోపియా, కెన్యా, టాంజానియా దేశముల గుండ పోవు గొప్ప లోయ యొకటి కలదు. అచటి నీటికిని ఇదే దోషము. 1990 తరువాత టాంజానియా విద్వాంసులును డెన్మార్కు విద్వాంసులును కలిసి, ఈ పద్ధతిని రెండు బక్కెట్లతో ఇంటింట జరుపుకొన వీలగునట్లు మార్చిరి. పద్ధతిని కాగితముమీద వ్రాసి పంపవచ్చును గదా! పంపవచ్చును. కాని పటిక ఎంత వేయవలెనన్నది ఆయా బావి నీటిలోని ఫ్లోరైడును బట్టియు క్షారగుణమును బట్టియు మారును. తక్కువైన ఫలము లేదు. ఎక్కువైన పటిక అవశేషము నీటిలో నిలుచును. బావియొద్దకు పోయి పరీక్షించినగాని తెలియదు. పోయి చూచినవారికి లోపములును తెలిసినవి: అడుగున దిగిన మడ్డిని పారబోయుట ఒక చిక్కు, ఫ్లోరైడు మిక్కుటముగా నున్నచోట నీరు కావలసినంత శుద్ధి కాకపోవుట మరియొక చిక్కు. అందుచే అక్కడ కొందరు ఎముకల బొగ్గుతో వడగట్టు మార్గము నవలంబించిరి. ఈ విషయము మనమును ఎరుగదగినదే.

2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒడంబడికలోని దేశముల పదునొకండవ సమావేశము హైదరాబాదున జరిగినది. ఇట్టి సభలకు బీదదేశముల ప్రతినిధులు వచ్చుటకై కలిగిన దేశములు చందాలు వేసి ఒక నిధి నుంచును. ఆ నిధి లేనిచో చిన్న దీవులవారు రాజాలరు. సముద్రము పొంగిన ముందుగా మునుగువారు వారే. వారు లేని సభలో వారి సంగతి నిర్ణయింపబడుట న్యాయమా?

జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరు కేంద్రముగా 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత స్త్రీలు సంఘములుగా చేరి, జొన్న, కొర్ర, సామ మొదలగు పాతవిత్తనములను కాపాడుచు మెట్టసేద్యము చేయుదురు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు వారి సంస్థకు ఈక్వేటర్ పురస్కారము నిచ్చిరి. దానితో పది వేల డాలర్లును, ప్రతినిధులను న్యూయార్కునకు పంపుడను ఆహ్వానమును వచ్చినవి. సొంత సొమ్ముతోనే రావలెనన్నచో ఆ సభలో మెట్టరైతు స్త్రీ కూర్చుండుట కల్ల. ఆమెకు బదులు ఆమెను గూర్చి పుస్తకము వ్రాసినవారు కూర్చుందురు.

అయినను ఈ వేతనములలో ఒక లోపము కలదు. ముందు మీరే టిక్కెట్టు కొనుడు, తిరిగి వచ్చి రసీదులు చూపుడు, పిమ్మట సొమ్మిత్తుమను సంస్థలు కలవు. ఉన్నవానికి అది సులభము; దినకూలితో జీవించు కళాకారునకు లక్ష రూపాయల టిక్కెట్టు ఎవరు కొని పెట్టుదురు? పోయిన పదిదినముల కూలిని ఏ రసీదు చూపి అడుగవలెను? ముందుగా కొంత చేతికిచ్చు పద్ధతియే న్యాయమని నా తలంపు.

దరఖాస్తున సాధారణముగా అడుగునవి కొన్నియే: పిలిచినవారి ఉత్తరము, ఖర్చుల అంచనా, పోయి ఏమి చేయుదువు, తిరిగి వచ్చి నీ ఊరివారికి ఏమి చెప్పుదువు అను ప్రశ్నలకు సమాధానము. కడపటి ప్రశ్నకు తెలుగున ఆలోచించి, పిదప ఆంగ్లమున వ్రాసినచో సమాధానము సూటిగా నుండును. వీనికన్న ముందు పాసుపోర్టు కావలెను. అందు పేరును పుట్టిన తేదియు బడి ధ్రువపత్రములోను ఆధారు కార్డులోను ఒక్కతీరుననే యుండవలెను. ఒకచోట ఇంటిపేరు ముందును, మరియొకచోట వెనుకను ఉండుటచే చిక్కులు పడినవారిని ప్రధానోపాధ్యాయులందరును ఎరుగుదురు. మీ పేరు రిజిస్టరులో ఎట్లున్నదో మీ తరగతి ఉపాధ్యాయుని అడిగి చూచుకొనుడు. తప్పున్నచో పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపుటకు ముందే దిద్దించుకొనుడు.